బండిలో రెండో మనిషి

సూరత్ నగరానికి నైరుతి మూలన, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి దిగువగా, డుమస్ తీరం ఉంది. నల్లటి ఇసుక, టమాటా భజియాల దుకాణాలు, ఆదివారం వస్తే ఇసుక వేస్తే రాలనంత జనం. ఖంభాత్ సింధుశాఖ ముఖద్వారానికి దగ్గర కావడంతో ఇక్కడ ఆటుకూ పోటుకూ తేడా చాలా ఎక్కువ. ఆటు వేళ నీళ్లు దూరంగా తగ్గి బురద నేల బయటపడుతుంది. దాని మీద నడుస్తూ లోపలికి పోయినవాళ్లను పోటు వెనకనుంచి చుట్టుముడుతుంది. న్యూ సివిల్ ఆసుపత్రి గానీ నగరపాలక సంస్థ వారి స్మిమెర్ ఆసుపత్రి గానీ ఇక్కడికి పదిహేను ఇరవై కిలోమీటర్లు. ఊపిరి ఆగిన మనిషి మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. అంటే ఎంత మంచి రోడ్డు వేసినా, ఎంత వేగంగా బండి నడిపినా, ఆసుపత్రి చేసే మేలు ఆ దూరాన్ని దాటి సమయానికి రాలేదు. రావలసింది ఆ పని నేర్చిన మనిషి. మన దేశంలో అత్యవసర వైద్యం కథను అంబులెన్సుల సంఖ్యతో, ఫోను నంబరుతో చెప్పుకోవడం అలవాటైంది. ఆ కథను శిక్షణ వైపు నుంచి చెప్పాలని నా వాదన. ఎక్కడ శిక్షణకు ఒక సంస్థ, ఒక పరీక్ష, పాసైనవాడికి ఒక జీతం దొరికాయో అక్కడే ఈ సేవ నిలబడింది. అవి లేనిచోట ఎంత గొప్పగా మొదలైనా ఒక తరంలో ఆరిపోయింది.

ఈ శిక్షణకు తొలి కారణం కూడా నీళ్లే. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, కాలవల్లో పడి చనిపోయేవాళ్లు ఎక్కువవుతున్నారని, మునిగినవాళ్లను బతికించడానికి పౌరులు ఒక సంఘం పెట్టారు. ఏం చేయాలో అచ్చువేసి పంచారు, బతికించినవాళ్లకు బహుమతులిచ్చారు. ఆ నగరపు వర్తకులకు అప్పటికే నూట యాభై ఏళ్లుగా సూరత్‌లో కోఠీ ఉంది. సరుకులు వచ్చిపోయిన ఆ దారిలో ఈ పాఠం వచ్చిన జాడ మాత్రం కనిపించదు. 1774లో లండన్‌లోనూ అలాంటి సంఘమే ఏర్పడింది. ఆ తొలి పాఠాల్లో నోటితో ఊపిరి ఊదడమూ ఉంది, పేగుల్లోకి పొగాకు పొగ ఎక్కించడమూ ఉంది. తర్వాత 1858లో సిల్వెస్టర్ చేతులు పైకెత్తి దించే పద్ధతి చెప్పాడు. 1903లో షేఫర్ బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కమన్నాడు. 1932లో హోల్గర్ నీల్సన్ ఆ రెంటినీ కలిపాడు. నోటితో ఊపిరి ఊదడమే మేలని ఎలామ్, సఫార్ ప్రయోగాలతో రుజువు చేసేసరికి 1950ల చివర. ఛాతీ నొక్కడం వైద్యలోకానికి ఎక్కింది 1960లో. దాదాపు రెండు వందల ఏళ్లలో పాఠం ఇన్నిసార్లు మారింది. అందుకే ఈ విద్య ఒకసారి చెప్పి వదిలేసేది కాదు. నిన్నటి పాఠం తప్పని తేలినప్పుడు, నేర్చుకున్నవాళ్లందరినీ మళ్లీ పిలిచి సరిదిద్దే బాధ్యత ఎవరో ఒకరి మీద ఉండాలి. నీట మునిగినవాడి కడుపు నొక్కి నీళ్లు కక్కించాలని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. దానివల్ల కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ నమ్మకం ఇంకా బతికి ఉండటం పాఠానికి యజమాని లేకపోవడం వల్లనే.

ప్రథమ చికిత్సను తరగతిగా మార్చింది బ్రిటన్‌లో 1877లో ఏర్పడిన సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్. మరుసటి ఏడాది సైనిక వైద్యుడు పీటర్ షెపర్డ్ వూలిచ్‌లో మామూలు జనానికి పాఠాలు చెప్పాడు. 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలో జూలూలతో జరిగిన ఇసాండ్లవానా యుద్ధంలో ఆయన చనిపోయాడు. ఆ దక్షిణాఫ్రికాలోనే, ఇరవై ఏళ్ల తర్వాత, ఈ చరిత్ర మనవాళ్లను తాకింది. 1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీ నాటాల్‌లో కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళంలో దాదాపు 1,100 మంది ఉన్నారు. అందులో మూడు వందల మంది స్వతంత్రులు, మిగతావాళ్లు ఒప్పంద కూలీలు. నాటాల్‌కు కూలీల తొలి ఓడ ట్రూరో 1860లో మద్రాసు రేవునుంచే వెళ్లింది. ఆ తర్వాత దశాబ్దాల్లో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో చెరుకు తోటలకు చేరారు. కాబట్టి ఆ ఎనిమిది వందల కూలీల భుజాల్లో తెలుగు భుజాలూ ఉన్నాయనుకోవడానికి గట్టి ఆధారమే ఉంది. డర్బన్‌లో మిషన్ ఆసుపత్రి నడిపిన డాక్టర్ బూత్ దగ్గర దళ నాయకులు గాయపడినవాళ్ల సేవ నేర్చుకున్నారు. స్పియాన్ కాప్ దగ్గర తూటాల హద్దులోకి వెళ్లి క్షతగాత్రులను మోశారు. కొన్ని రోజులు ఇరవై, పాతిక మైళ్లు స్ట్రెచర్లు భుజాన వేసుకుని నడిచారు. ఆరు వారాల్లో దళాన్ని రద్దు చేశారు. నాయకులకు పతకాలొచ్చాయి. మోసిన కూలీలు తోటలకు తిరిగిపోయారు. వాళ్ల చేతికొచ్చిన పని ఆ ఆరు వారాలతోనే ముగిసింది. 1914లో లండన్‌లో గాంధీ మళ్లీ ఎనభై మంది భారతీయులను కూడగడితే, డాక్టర్ కాంట్లీ ఆరు వారాలు ప్రథమ చికిత్స నేర్పి పరీక్ష పెట్టాడు, ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. ఆ విద్య కూడా యుద్ధం పనికే మొదలై అక్కడే ఆగింది.

మన దేశంలో సెయింట్ జాన్ తరగతులు లేవా, రైల్వే గార్డులకూ పోలీసులకూ సర్టిఫికెట్లు ఇవ్వలేదా అని ఎవరైనా అడగొచ్చు. ఇచ్చారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, అయిదు వందలు దాటితే అంబులెన్స్ గది ఉండాలనీ చెప్పింది. పెట్టె దగ్గర సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలన్న నియమం కూడా వచ్చింది. కానీ ఆ సర్టిఫికెట్ మరో ఉద్యోగానికి తోక. దాన్ని పట్టుకుని బతికే వృత్తి లేదు కాబట్టి నేర్చుకున్నది పదును పెట్టుకునే అవసరమూ లేదు. ఫ్యాక్టరీ గేటు దాటితే అదీ లేదు. సూరత్ మరమగ్గాల షెడ్లలో చాలావాటికి ఆ అయిదు వందల గీత దరిదాపుల్లోకే రాదు. రోడ్డు మీద అంబులెన్సు అంటే ఒక డ్రైవరు, ఒక స్ట్రెచర్, వెనక కూర్చుని ఏడ్చే బంధువు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, పోలీసు లాంఛనాల కోసం చూడకుండా ముందు ప్రాణం కాపాడాలని వైద్యులకు స్పష్టం చేసింది. అది ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలయ్యే బాధ్యత. గుమ్మం దాకా తెచ్చే మనిషి గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

ఆ మనిషిని తయారుచేయవచ్చని చూపింది అమెరికాలో పిట్స్‌బర్గ్. 1966 నాటి జాతీయ నివేదిక ఒకటి, ప్రమాదాల్లో గాయపడినవాళ్లకు దారిలో అందే వైద్యం ఎంత హీనంగా ఉందో బయటపెట్టింది. ఎన్నో ఊళ్లలో అంత్యక్రియల బళ్లే అంబులెన్సులు. నోటితో ఊపిరి ఊదే పద్ధతిని రుజువు చేసిన పీటర్ సఫార్ అదే ఏడాది ఆస్త్మాతో కూతురిని పోగొట్టుకున్నాడు. 1967లో ఆయన, హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతి పేటలో పనిలేని యువకులకు దాదాపు మూడు వందల గంటల శిక్షణ ఇచ్చే పథకం వేశాడు. ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ అలా పుట్టింది. 1970ల నడుమ నాన్సీ కరోలిన్ అనే యువ వైద్యురాలు దేశం మొత్తానికీ పారామెడిక్ పాఠ్యక్రమం రాసింది కూడా ఈ బృందంతో పనిచేస్తూనే. అదే సమయంలో, 1975లో, నగరం సొంత అంబులెన్సు సేవ పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను కలిపేసుకుంది. కొత్త అర్హతలు, కొత్త పరీక్షల పేరుతో ఆ మొదటి మనుషుల్లో చాలామందిని కొద్ది కాలంలోనే పక్కకు నెట్టేశారు. ఏ పుస్తకానికి వాళ్ల పని ఆధారమైందో ఆ పుస్తకం పేరు చెప్పే ప్రమాణాలే వాళ్లను బయటికి పంపాయి. ఈ అన్యాయాన్ని మనం జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మనకిప్పుడు అదే మలుపు వచ్చింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. కుయ్ కుయ్‌మంటూ వచ్చే బండి తెలుగు రాజకీయ ప్రసంగాల్లోకి ఎక్కింది. దాని వెనక దేవరయాంజాల్‌లో నడిచిన శిక్షణాలయం ఎక్కలేదు. సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ బండికి ఇద్దరిని పెట్టింది. నడిపేవాడు పైలట్, వెనక కూర్చునేవాడు ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. డిగ్రీ చదివిన యువతీయువకులను తీసుకుని ఏడెనిమిది వారాలు నేర్పి బండెక్కించారు. 2007 నుంచి స్టాన్‌ఫర్డ్ వైద్యులు వచ్చి పాఠ్యక్రమం రాయడంలో, రెండేళ్ల పారామెడిక్ కోర్సు నడపడంలో సాయపడ్డారు. అదే ఏడాది ఆగస్టు 29న ఈ పద్ధతి గుజరాత్‌కు వెళ్లింది, అహ్మదాబాద్ శివారు కఠవాడాలో కేంద్రం ఏర్పడింది. గుజరాత్ శాసనసభ అత్యవసర వైద్యసేవలకు చట్టం చేసింది కూడా ఆ 2007లోనే. డుమస్‌లో నేడు 108కి ఫోన్ చేస్తే వచ్చే బండిలో రెండో సీటు ఒకటుందంటే దాని మూలం దేవరయాంజాల్‌లోని ఆ తరగతి గదులు. 2009 జనవరిలో సత్యం కుప్పకూలినా బళ్లు ఆగలేదు. ప్రభుత్వ నిధులు ఉన్నాయి, జీవీకే సంస్థ ముందుకొచ్చింది, అది నిజమే. అయితే అప్పటికే వేలమందికి ఈ పని ఒక జీవనాధారమై ఉండటం కూడా కారణమని నేను నమ్ముతాను. నాటాల్ దళానికి లేనిది అదే.

శిక్షణే ముఖ్యమన్న ఈ వాదనకు బలమైన అభ్యంతరం కెనడానుంచి వచ్చింది. ఒంటారియోలో జరిగిన పెద్ద అధ్యయనం 2004లో ప్రకటించిన ఫలితం ప్రకారం, గుండె ఆగినవారిలో ఉన్నత శిక్షణ పొందిన పారామెడిక్కులు వచ్చాక బతికినవారి శాతం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, అంతకుముందు 5.0, తర్వాత 5.1. అలాంటప్పుడు కోర్సులు పొడిగించడం దేనికి, రోగిని త్వరగా ఎత్తుకొస్తే చాలదా అని అడుగుతారు. ఆ ‘అంతకుముందు’లో ఏముందో చూడాలి. అక్కడ అప్పటికే ప్రాథమిక శిక్షణ పొందిన సిబ్బంది, వెంటనే విద్యుత్ షాక్ ఇచ్చే ఏర్పాటు ఉన్నాయి. ఏమీ లేని స్థితితో పోల్చిన లెక్క కాదది. పైగా అదే పరిశోధకులు 2007లో ఊపిరాడని రోగుల మీద ప్రకటించిన ఫలితంలో, ఉన్నత శిక్షణ వచ్చాక మరణాలు 14.3 శాతం నుంచి 12.4 శాతానికి తగ్గాయి. గుండె ఆగితే మొదటి నిమిషాలే ముఖ్యం, ఊపిరాడకపోతే దారిలో జరిగే వైద్యమూ ముఖ్యం. డుమస్ తీరాన ఈ రెండూ ఒకే మనిషిలో కలుస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు ముందు ఊపిరి ఊదాలి, తర్వాతి ఇరవై కిలోమీటర్లు ఈఎంటీ ఆ ఊపిరిని నిలపాలి. ఒడ్డున ఉన్నవాళ్లకే నేర్పితే పోదా అంటే, వాళ్లకు నేర్పేదెవరు? వాళ్లకూ పాఠం మారినప్పుడల్లా తిరిగి చెప్పేవాళ్లు కావాలి. ఆ ఊరి దారి తెలిసిన ఈఎంటీ కంటే అందుకు తగినవాళ్లు లేరు.

పాఠ్యక్రమం వెలుపల మిగిలిపోయే విషయం ఒకటి సూరత్‌లో బాగా కనిపిస్తుంది. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల మీద తరాలుగా ఉన్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది, ఒడియా, మరాఠీ బడులూ ఉన్నాయి. రోగి దగ్గర కూర్చున్నవాడు మొదట అడగవలసింది నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నావు అన్నవే. బడికి ఇన్ని భాషలు కావాలని గుర్తించిన ఊళ్లో ఈ మూడు ప్రశ్నలు ఆ భాషల్లో అడగడం శిక్షణలో భాగం కావడం గొంతెమ్మ కోరిక కాదు.

బండికి ఏఐఎస్-125 అని ప్రమాణం వచ్చింది. లోపల ఎంత చోటుండాలో, ఏ రకం బండిలో ఏ పరికరం ఉండాలో అందులో రాసి ఉంది. మనిషికి దేశవ్యాప్త చట్టం 2021లో గానీ రాలేదు. ఆ ఏడాది వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును తన జాబితాలో చేర్చింది. అనుబంధ వృత్తికి రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు కావాలంది. ఈ కొలత సరైనదే. ఏడెనిమిది వారాల శిక్షణ 2005లో చేయగలిగినంత చేసింది, దాన్నే శాశ్వతం చేయడం రోగులకు అన్యాయం. అయితే ఆ కొద్ది వారాల చదువుతో పదిహేనేళ్లు కాన్పులు చేసి, విరిగిన ఎముకలకు చెక్కలు కట్టి, పాము కాటు రోగులను బతికించి తెచ్చినవాళ్ల మాటేమిటి? పన్నెండు గంటల షిఫ్టు చేసే ఈఎంటీ ఏడాది తిరక్కుండానే రెండు వేల గంటలు బండిలో గడుపుతాడు. పనిగంటలు చదువు గంటలకు సమానం కావని నేనూ ఒప్పుకుంటాను, అలవాటైన తప్పును అనుభవం గట్టిపరుస్తుంది కూడా. అందుకే వాళ్లకు కావలసింది మినహాయింపు కాదు. డ్యూటీ జీతం పోకుండా చేరగల వారధి కోర్సు కావాలి. చేసిన పనిని వైద్యుడి ఎదుట చేసి చూపించే పరీక్ష కావాలి. పాసైతే కొత్తగా డిగ్రీ తెచ్చుకున్నవాడితో సమానమైన రిజిస్ట్రేషన్, ఆ పైన పారామెడిక్‌గా ఎదిగే దారి ఇవ్వాలి. ఆ కోర్సు మొదట పెట్టవలసింది హైదరాబాద్‌లోనూ అహ్మదాబాద్‌లోనూ, ఈ మనుషులను తయారుచేసిన ఆ ప్రాంగణాల్లోనే.