ఆలస్యం అమృతం

ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందని మన సామెత. కోపం విషయంలో మాత్రం ఇది తిరగబడుతుందేమో అనిపిస్తుంది నాకు.

1861 నవంబరు 8. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. క్యూబా దగ్గర సముద్రంలో ఉత్తరాది యుద్ధనౌక ఒకటి ట్రెంట్ అనే బ్రిటిష్ టపా ఓడని ఆపి, యూరప్‌కి వెళ్తున్న దక్షిణాది రాయబారులు మేసన్, స్లైడెల్‌లని పట్టుకుపోయింది. ఆ కబురు లండన్ చేరింది నవంబరు 27న! అట్లాంటిక్ అడుగున 1858లో వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ మూడు వారాలకే మూగబోయింది. నిలకడగా పనిచేసేది పడింది 1866లోనే. అందాకా ఏ మాటైనా ఓడెక్కి వెళ్ళాల్సిందే.

బ్రిటిష్ మంత్రివర్గం ఘాటుగా ఒక లేఖ తయారుచేసింది. జబ్బుతో ఉన్న ప్రిన్స్ ఆల్బర్ట్ దాన్ని మెత్తబరిచాడు. కెప్టెన్ పైవాళ్ళ ఆజ్ఞ లేకుండా చేశాడని అమెరికా చెప్పుకోడానికి సందు వదిలాడు. అక్కడేమో ఆ కెప్టెన్‌కి సన్మానాలు జరుగుతున్నాయి. లేఖ చేరి, వాదోపవాదాలు జరిగేసరికి ఆ వేడి తగ్గింది. డిసెంబరు 26న లింకన్ ప్రభుత్వం ఇద్దరినీ వదలడానికి ఒప్పుకుంది. యుద్ధం తప్పింది.

ఇక 1914. అప్పటికి యూరప్ రాజధానులన్నీ తీగలతో కలిసిపోయాయి. జులై 23న సెర్బియాకి ఆస్ట్రియా ఇచ్చిన గడువు 48 గంటలు. 28న యుద్ధప్రకటన వెళ్ళింది కూడా టెలిగ్రాంలోనే. వరసకి సోదరులైన జర్మన్ కైజర్, రష్యా జార్ ఒకరికొకరు ఆప్యాయంగా టెలిగ్రాంలు ఇచ్చుకున్నారు. 29 రాత్రి జార్ సైన్య సమీకరణ ఆపించాడు, 30న మళ్ళీ సరేనన్నాడు. ఆగస్టు 1న ఆ ఇద్దరి దేశాల మధ్యే యుద్ధం.

తప్పంతా తీగదే అనను. కూటములున్నాయి, రైళ్ళ టైంటేబుళ్ళున్నాయి. ఆలస్యం ఎప్పుడూ మంచిదనీ అనను. 1814 డిసెంబరు 24న బ్రిటన్, అమెరికా సంధి సంతకాలు చేశాక కూడా, ఆ కబురు అందక, జనవరి 8న న్యూ ఆర్లీన్స్‌లో వందలమంది చచ్చిపోయారు.

కానీ 1861లో నిగ్రహం సగం మనుషులదైతే, సగం సముద్రానిది. తీగ సముద్రాన్ని తీసేసింది. ఆ సగం ఎవరు భర్తీ చేయాలో ఎవరూ అనుకోలేదు.

మా వృత్తిలో మిల్లీసెకన్లు తగ్గిస్తే మెచ్చుకుంటారు, నేనూ అదే చేస్తాను. ఒక రాత్రి వేరే దేశంలో ఉన్న స్నేహితుడికి కోపంగా ఒక మెసేజ్ కొట్టాను. నాలుగు నిమిషాల్లో జవాబు, దానికి నా జవాబు. పదేళ్ళ స్నేహం, ఇప్పుడు మాటల్లేవు. అదే ఉత్తరమైతే, తెల్లారి పోస్టు చేసేవాణ్ణి కాదు.