మళ్లీ మోగిన పాత బ్యాండు: సంగీతం చారిత్రక ఆధారంగా

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
- అమెరికా డాన్సు బ్యాండ్లు క్షీణించడానికి గల కారణాలను పేర్కొనగలుగుతారు.
- స్వరలిపి, రికార్డు, జ్ఞాపకం అనే మూడు ఆధారాల బలాన్ని, పరిమితిని వివరించగలుగుతారు.
- మీ ఊరి సంగీత చరిత్రకు పనికివచ్చే ఆధారాలను గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

తలుపుల, కదిరి, హిందూపురం ప్రాంతాల్లో పెళ్లి ఊరేగింపు చూసిన మీకు బ్యాండుమేళం కొత్త కాదు. ఎర్ర కోట్లు, జరీ టోపీలు, క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ములు బ్రిటిషు సైనిక పటాలాల బ్యాండ్ల నుంచి మన వీధుల్లోకి వచ్చాయి. పాశ్చాత్య బాణీలను మనవాళ్లు చాలా ముందే అందుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) అటువంటి బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి సుమారు 40 నోట్టుస్వరాలు రచించారు. అవి రాతలో నిలిచాయి కాబట్టి నేటికీ పాడుతున్నాం. మరి మన ఊరి మేళాలు వాయించిన సంగీతానికి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో అమెరికాకు చెందిన ఒక బ్యాండు నాయకుడి కృషి మనకు తోడ్పడుతుంది.

2. డాన్సు బ్యాండ్ల క్షీణత

1920లలో అమెరికా నగరాల్లో హోటళ్లు, నృత్యశాలలు, సినిమా హాళ్లు వాద్యబృందాలతో కళకళలాడాయి. 1927లో మాటల చిత్రాలు వచ్చాక మూకీ చిత్రాలకు వాయించే బృందాల ఉపాధి పోయింది. 1929 ఆర్థిక మాంద్యం మరో దెబ్బ. 1930ల మధ్య నుంచి స్వింగ్ సంగీతంతో బ్యాండ్లు తిరిగి కోలుకున్నా, రెండో ప్రపంచ యుద్ధం వాద్యకారులను సైన్యంలోకి తీసుకుపోయింది. 1942 ఆగస్టులో వాద్యకారుల సంఘం రికార్డింగులను నిలిపివేయగా, ఆ విరామంలో గాయకులు ముందుకు వచ్చారు. ఆ తర్వాత పెద్ద బృందాన్ని పోషించడం భారమైంది. బ్యాండ్లు విడిపోయాయి, వాటి స్వరలిపి కాగితాలు అటకలెక్కాయి.

3. విన్స్ జియోర్డానో

1952లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టిన జియోర్డానో, చిన్నతనంలో అవ్వగారింట్లో తాళం తిప్పి నడిపే గ్రామఫోను మీద పాత రికార్డులు విన్నారు. యువకుడిగా బిల్ చాలిస్ దగ్గర సంగీత కూర్పు నేర్చుకున్నారు. 1920లలో జీన్ గోల్డ్‌కెట్, పాల్ వైట్‌మన్ బ్యాండ్లకు సంగీతం కూర్చింది ఈ చాలిస్‌గారే. అంటే శిష్యుడు ఆ కాలాన్ని చూసిన మనిషినే గురువుగా ఎంచుకున్నాడు.

1970లలో జియోర్డానో ‘నైట్‌హాక్స్’ అనే బృందాన్ని ఏర్పాటు చేశారు. ఆయన సేకరణలో 60,000కు పైగా స్వరకూర్పులున్నాయి. ‘బోర్డ్‌వాక్ ఎంపైర్’ టీవీ ధారావాహిక సంగీతానికి 2012లో గ్రామీ పురస్కారం లభించింది. 1924 ఫిబ్రవరి 12న గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ తొలిసారి వినిపించిన కచేరీని, సరిగ్గా 90 ఏళ్లకు ఈ బృందం న్యూయార్కులో మళ్లీ వాయించింది.

4. ఆధారాలను పోల్చడం

రికార్డు ఉండగా కాగితాలెందుకని మీరు అడగవచ్చు. 1925కు ముందు రికార్డింగులో సాధారణంగా మైకు వాడేవారు కాదు. వాద్యకారులు పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయిస్తే ఆ ధ్వని కంపనాలతోనే సూది గాడి గీసేది. పెద్ద డ్రమ్ము దెబ్బకు సూది అదిరేది. తీగల బాస్ వాద్యం సరిగా పట్టేది కాదు. పైగా 10 అంగుళాల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకే సరిపోయేది. కాబట్టి రికార్డులో వినబడని వాద్యం బ్యాండులోనే లేదనుకోవడం పొరపాటు. ఆ లోటును స్వరలిపి పూరిస్తుంది. అయితే స్వరలిపి ఏ స్వరమో చెబుతుంది గాని, దాన్ని ఎలా ఊపాలో చెప్పదు. అది రికార్డులో, వాయించినవారి జ్ఞాపకంలో ఉంటుంది. మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూడడమే చరిత్రకారుని పని.

5. పునరుద్ధరణ పరిమితి

నాదం తిరిగి వచ్చినంత మాత్రాన కాలం తిరిగి రాదు. 1927 నుంచి డ్యూక్ ఎల్లింగ్టన్ వాయించిన హార్లెంలోని కాటన్ క్లబ్బులో కళాకారులు నల్లజాతివారు, ప్రేక్షకులు తెల్లవారు. నల్లజాతివారు సృష్టించిన జాజ్‌కు ‘రాజు’గా ప్రచారం పొందినది తెల్లవాడైన వైట్‌మన్. తీయని పాత పాట వింటున్నప్పుడు ఈ సంగతి మరవకూడదు. మన దగ్గరా అంతే. డప్పు, డోలు, సన్నాయి లేనిదే పెళ్లి జరగదు; వాయించినవారికి మాత్రం పంక్తిలో చోటు దక్కలేదు. వారి పేర్లు శుభలేఖల్లోనూ లేవు, చరిత్ర పుస్తకాల్లోనూ లేవు.

6. మన వీధి వరకు

1935లో లియాన్ అబే బ్యాండు బొంబాయి తాజ్‌మహల్ హోటలులో జాజ్ వినిపించింది. తర్వాత టెడ్డీ వెదర్‌ఫర్డ్ అక్కడా, కలకత్తాలోనూ వాయించి 1945లో కలకత్తాలోనే కన్నుమూశారు. వారి సంగీతాన్ని ఒంటబట్టించుకున్న గోవా వాద్యకారులు సినిమా వాద్యబృందాల్లో చేరారు. సి. రామచంద్ర పాటల్లో ఆ ఊపు వినవచ్చు. సినిమా పాట రేడియో ద్వారా పల్లెకు చేరింది. పల్లెలో బ్యాండుమేళం దాన్ని అందుకుంది.

మా ప్రాంతంలో ఒక క్లారినెట్టు విద్వాంసుడు ఉండేవారు. విన్న పాటల స్వరాలను తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకాల్లో రాసుకునేవారు. చరిత్ర బోధించే నేను ఆ పుస్తకాలను చూశాను గాని, అడిగి నకలు తీసుకోలేదు. ఆయన పోయాక అవి పాత కాగితాల కింద తూకానికి వెళ్లాయని తెలిసింది. శాసనాల కోసం పెనుకొండ, లేపాక్షి తిరిగిన నాకు, పక్క వీధిలోని ఆధారం ఆధారంగా కనిపించలేదు. మీరు ఈ పొరపాటు చేయకండి.

7. సారాంశం

పునరుద్ధరణ అంటే పాతదాన్ని అనుకరించడం మాత్రమే కాదు. ఆధారాలను సేకరించి, సరిచూసి, వినిపించడం. దానికి మొదటి మెట్టు కాగితాన్ని తూకానికి పోకుండా కాపాడటం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1925కు ముందు రికార్డులను ఆధారంగా తీసుకునేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం?
2. పాత సంగీతాన్ని పునరుద్ధరించేవారు నాటి సామాజిక వివక్షను ఎందుకు గుర్తుంచుకోవాలి?
3. మీ ఊరి బ్యాండుమేళంలో వయసు పైబడిన ఒకరిని కలిసి, వాద్యం ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పాటలు వాయించారో అడిగి, వారి అనుమతితో రెండు పుటలు రాయండి.