ఆక్స్‌ఫర్డ్‌లో నీతిచింతన మలుపు

1936లో తత్వవేత్త ఏ.జె. ఏయర్ ప్రచురించిన 'లాంగ్వేజ్, ట్రూత్ అండ్ లాజిక్' ఇంగ్లండులో ఒక తరం నీతిచింతనను శాసించింది. దొంగతనం తప్పు అన్న వాక్యం ఏ యథార్థాన్నీ తెలపదనీ, అది వక్త మనోభావాన్ని మాత్రమే వెలిబుచ్చుతుందనీ, కనుక సత్యాసత్య విచారణకు లొంగదనీ ఆ గ్రంథం ప్రతిపాదించింది. విజ్ఞానశాస్త్ర ప్రతిష్ఠ ఉచ్చస్థితిలో ఉన్న ఆ కాలంలో ఈ వాదం ఆకర్షించడం సహజమే. అందులో బౌద్ధికమైన నిజాయితీ కూడ లేకపోలేదు.

1945లో నాజీ నిర్బంధ శిబిరాల దృశ్యాలు లోకానికి వెల్లడైన తరువాత, ఆ ఘోరాన్ని ఖండించేవారికీ దానికి పాల్పడినవారికీ నడుమ ఉన్నది మనోవైఖరుల భేదమేనన్న మాటను ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ అంగీకరించలేకపోయింది. అయితే యుద్ధానుభవం అందరినీ ఒకే తీరానికి చేర్చలేదు. జపాను సైన్యానికి బందీగా చిక్కి బర్మా రైలుమార్గంపై వెట్టిచాకిరీ చేసిన మరో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త ఆర్.ఎం. హేర్, తనకూ పరులకూ సమానంగా వర్తింపజేయడానికి మనిషి సమ్మతించిన విధివాక్యాలలోనే నీతిని చూశాడు. 1952లో గ్రంథరూపం దాల్చిన ఆ సిద్ధాంతాన్ని, దానిని కన్న కష్టాన్ని ఎరిగినవారెవరూ తేలికగా తీసివేయలేరు.

ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో మధ్యాహ్న భోజనానంతరం ఫుట్, ఆమె సహచర తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కోంబ్ గంటల తరబడి వాదించుకునేవారు. గంటకు మూడుమార్లు చేతులు కలిపి పట్టుకోవడమే సత్కార్యమని ఒకడు ప్రకటిస్తే, దానికి మానవ హితాహితాలతో ఏదో సంబంధం చూపనిదే ఆ మాటకు అర్థమే ఉండదని ఫుట్ 1958లో వాదించింది. అంతకు రెండేళ్ల ముందు, హిరోషిమా, నాగసాకిలపై అణుబాంబుల ప్రయోగానికి బాధ్యుడైన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇవ్వబూనినప్పుడు, నిరపరాధుల వధను సాధనంగా ఎంచుకోవడం హత్యేనని ఆన్స్‌కోంబ్ సభలో ఎదిరించింది. ఆమెను బలపరచినవారు కొద్దిమందే. పట్టా ప్రదానం జరిగిపోయింది. సహచరుల ఉదాసీనతకు మూలం వారు బోధించే తత్వంలోనే ఉన్నదని ఆమె తలచింది. 1958 నాటి 'మోడర్న్ మోరల్ ఫిలాసఫీ' వ్యాసంలో, దైవశాసనంపై విశ్వాసం పోయినా దాని నీడగా మిగిలిన కర్తవ్య భావనను విడిచి, అరిస్టాటిల్ వలె శీలాన్నీ సంకల్పాన్నీ పరిశీలించమన్నది. చర్య మంచిచెడ్డలను దాని ఫలితాలే నిర్ణయిస్తాయనే సిద్ధాంతానికి ఫలితవాదమన్న పేరు ప్రచారంలోకి వచ్చింది కూడ ఆ వ్యాసం ద్వారానే.

ఆన్స్‌కోంబ్ ప్రత్యర్థులపట్ల చూపిన కాఠిన్యం కొన్నిచోట్ల అన్యాయమే. పైగా నిరపరాధుల వధ వంటివాటిపై ఆమె విధించిన నిషేధాల వెనుక అచంచలమైన క్యాథలిక్ విశ్వాసముంది. ఆ విశ్వాసం లేనివారు ఏ ఆధారంపై నిలబడాలన్న ప్రశ్న నిరీశ్వరవాది అయిన ఫుట్‌కు దక్కింది. అదుపు తప్పిన ట్రాము అయిదుగురిని చంపబోతుండగా దానిని ఒక్కడున్న దారికి మళ్లించవచ్చునా అని 1967లో ఆమె కల్పించిన ఉదాహరణ విశేష ప్రసిద్ధి పొందింది. నా దృష్టిలో అంతకన్న గంభీరమైనది 2001 నాటి 'నేచురల్ గుడ్‌నెస్'. ఓక్ వృక్షానికి దృఢమైన వేళ్లు ఎలా అవసరమో మానవ జీవితానికి న్యాయం, దయ అలా అవసరమని ఆమె అందులో నిరూపించబూనింది. క్రౌర్యం కూడ ప్రకృతిలో భాగమే కదా అన్న ఆక్షేపణను ఆమె ఎదుర్కొన్నది గాని, ఆ సమాధానం విమర్శకులందరినీ ఒప్పించలేదు.