చెన్నపురి తెలుగు ఇండ్లలో పసిపిల్లలు

1639లో దామర్ల నాయకుల అనుమతితో ఆంగ్లేయులు సముద్రతీరమున కోట కట్టుకొనిన నాటినుండి చెన్నపట్టణమున తెలుగువారి సంసారములు కలవు. దుబాసీల వైభవము, వర్తకుల దానధర్మములు, పత్రికాధిపతుల దేశసేవ మొదలగు విషయములను గూర్చి ఇట్టి సంచికలలో పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. కాని ఆ యిండ్లలో పెరిగిన పిల్లలు ఏ పండుగనాడు ఎచ్చటికి షికారు పోయిరి, ఏమి తినిరి, ఎచ్చట పడి మోకాలు పగులగొట్టుకొనిరి, ఏ గుంపులో తప్పిపోయిరి అను సంగతి ఎవ్వరును వ్రాసినట్లు నాకు కనబడలేదు. నేను స్కూలు ఫైనలు వరకు మాత్రమే చదివి, ఆపైన కచ్చేరీలో రిజిష్టర్లు నింపుకొనుచు కాలము గడపినవాడను. మా అవ్వ చెప్పినది, మా మేనత్త చెప్పినది, నేను కన్నులార చూచినది తప్ప నాయొద్ద వేరు ఆధారములు లేవు. పిల్లల చరిత్రకు అవియే ఆధారములని నా తలంపు.

మా అవ్వ కాపురమునకు వచ్చిన యేడే ఎమ్డన్ వచ్చెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఆ జర్మను యుద్ధనౌక రేవుపై గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ చమురుతొట్లను తగులబెట్టెను. అరగంటలోపల అంతయు ముగిసెను గాని, మరునాటినుండి పట్టణము ఖాళీ కాసాగెను. మా వారును ఒక ఎద్దుబండి మాట్లాడుకొని రెడ్‌హిల్స్ వైపు బయలుదేరిరి. బియ్యము, దీపపుకుందులు, దేవతార్చన పెట్టె అన్నియు బండి కెక్కినవి. ఉగ్గుగిన్నె మాత్రము ఇంటనే మిగిలిపోయెను. మా అవ్వకు కడగొట్టు ఆడుబిడ్డ అప్పటికి పది నెలల పిల్ల. పిల్ల గుక్కపట్టి యేడ్చుచుండగా, దారిప్రక్క గుడిసెలోని ఒక అరవతల్లి ఆకు దొన్నెతో పాలు పట్టి ఊరడించినదట. అవ్వకు అప్పుడు పదునాలుగేండ్లు. తాను పుట్టింట మాటలాడిన తెలుగుతప్ప మరియొక మాట యెరుగదు. ఆ తల్లికి కృతజ్ఞత యెట్లు చెప్పవలెనో తెలియక చేతి గాజులు రెండు తీసి యిచ్చినదట, ఆమె పుచ్చుకొనలేదు. తరువాతి కాలమున మేము అల్లరి చేసినపుడెల్ల అవ్వ మమ్ము "ఎమ్డన్ వెధవల్లారా" అని తిట్టుచుండెడిది. ఈ తిట్టు అరవవారి యిండ్లలోను కలదు. ఓడ పోయినను పేరు నిలిచినది.

ఆ తరమువారి పిల్లల ఆకలిని గూర్చి ఒక్క మాట. 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్నభోజనము పెట్టు ఏర్పాటు జరిగెను. అప్పుడు కార్పొరేషను అధ్యక్షుడు పిట్టి త్యాగరాయసెట్టిగారు. తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమువారు. తలకు రోజుకు ఒక అణా మించరాదని నియమము. తరువాత ఈ దేశమంతట వ్యాపించిన బడిభోజనమునకు ఇది తొలి మెట్టులలో నొకటి. త్యాగరాయనగరమున నిత్యము తిరుగువారిలో ఈ సంగతి యెందరికి తెలియునో!

ఇక షికార్లు. చెన్నపురి పిల్లలకు మూడు షికార్లు ముఖ్యమైనవి. మొదటిది సముద్రతీరము. 1880ల దశకమున గవర్నరు గ్రాంట్ డఫ్ దొర తీర్చి మెరీనా అని పేరుపెట్టిన ఆ బాటమీద సాయంకాలమున సుండలు పొట్లములు కొనుక్కొని తిరుగుట. 1909లో అచ్చట తెరచిన చేపల భవనము రెండవ ప్రపంచయుద్ధకాలమున మూతపడుటచే మా తరమువారము దానిని చూడలేదు. రెండవది ఎగ్మూరులోని మ్యూజియము. మూడవది సెంట్రల్ స్టేషను ప్రక్కన పీపుల్స్ పార్కులోని జంతుశాల. మన యిండ్లలో మ్యూజియమునకు చచ్చిన కాలేజీ యనియు, జంతుశాలకు బ్రతికిన కాలేజీ యనియు పేర్లు. ఊరినుండి చుట్టములు వచ్చినయెడల "బ్రతికిన కాలేజీ చూచితిరా?" అని అడుగుటయే మర్యాద. మా నాయన బాల్యమున వీని కన్నిటికిని ట్రాముబండియే గతి. 1895లో మొదలైన ఆ ట్రాములు 1953 ఏప్రిలుతో నిలిచిపోయెను. కదలుచున్న ట్రామునుండి దుమికి ముందుపండ్లు రెండు పోగొట్టుకొనిన ఘనత మా నాయనది. మేమేదైన తుంటరిపని చేసినపుడు ఆయన గట్టిగా కోపపడలేకపోవుటకు ఆ పండ్లే కారణమని మా అమ్మ అనుచుండెడిది.

1942 సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఆ యేడు ఏప్రిలు నెలలో జపానువారు వచ్చి పడుదురను భయముతో పట్టణము సగమునకు పైగా ఖాళీ యయ్యెను. కచ్చేరీలను లోపలి ఊళ్ళకు తరలించిరి. తెలుగు సంసారములు పిల్లాపాపలతో నెల్లూరు, గూడూరు, కావలి ప్రాంతములకు, అంతకు పైనున్న తాతల ఊళ్ళకు చేరుకొనెను. మా మేనత్తకు అప్పుడు ఎనిమిదేండ్లు. పుట్టి బుద్ధి యెరిగినది మొదలు వీధిలో అరవము, ఇంట సగము తెలుగు మాటలాడిన పిల్ల. నెల్లూరికి ఎగువన నున్న మా పూర్వుల పల్లెకు పోయిన మూడవనాడే గడ్డివామియొద్ద ఆమెకు తేలు కుట్టెను. "తేళ్ కొట్టిడుచ్చు" అని అరవమున అరచినదట. చుట్టునున్న వారిలో ఎవ్వరికిని అర్థము కాలేదు. పిల్లకు దయ్యము పట్టినదని యొకరు, ఎండదెబ్బ యని యొకరు అనుకొనుచుండగా కాలు వాచిన తరువాత గాని తేలుకాటని తెలియలేదు. బాధకంటె తనమాట యెవరికిని తెలియకపోవుటకే యెక్కువ యేడ్చితినని ఆమె ఇప్పటికిని చెప్పును. మా అవ్వ ఆ రాత్రి గోడకు చేరగిలబడి "మన పిల్ల మన ఊళ్ళోనే పరాయిదైపోయింది గదా" అని కన్నీరు పెట్టుకొనినదట.

ఆ మాట యింటిల్లిపాదికిని తగిలెను. పల్లెలో గడపిన ఏడాదిన్నర కాలము మేనత్తకు బడియు లేదు, సుఖమును లేదు. కాని పొలము గట్టు, కవిలె, దొడ్డి, గాదె, గంప, పలుపు, కుడితి అను మాటలన్నియు నోటి కెక్కినవి. 1943 చివర తిరిగి వచ్చునప్పటికి ఆమె మాటలాడు తెలుగును విని పార్కుటౌనులోని తెలుగు పిల్లలే నవ్విరట. రాగానే ఆమె కోరినది బ్రతికిన కాలేజీ. మా తాత తీసికొనిపోయెను. పులుల బోనులు ఖాళీగా నుండెను. బాంబులు పడి బోనులు పగిలినచో క్రూరమృగములు ఊరిమీద పడునను భయమున 1942లోనే సర్కారువారు వానిని కాల్పించియుండిరి. తాత ఈ సంగతి పిల్లకు చెప్పలేక "పులులు కూడా వాళ్ళ ఊరికి పోయినాయమ్మా" అనెనట. అవి యెప్పుడు తిరిగివచ్చునని పిల్ల ఎన్నో వారములు అడుగుచుండెడిదట.

ఆ తరువాతి దశాబ్దము చెన్నపురి తెలుగు పిల్లలకు మంచికాలమని చెప్పవలెను. 1945లో "బాల", 1947లో "చందమామ" ఈ పట్టణమునుండియే వెలువడెను. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యను పేర్లతో పిల్లలను పలుకరించుచుండిరి. రేడియో ఉన్న యింటి వసారాలో వీధి పిల్లలందరును చేరి వినెడివారని మా మేనత్త చెప్పును. పిమ్మట 1952 డిసెంబరు 15న మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేయుట, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడుట, చెన్నపట్టణము మనకు కాక పోవుట అందరును ఎరిగినదే. పెద్దలు దానిని రాజకీయముగా చెప్పుకొందురు. పిల్లలకు అది ప్రక్క బల్లమీది స్నేహితుడు ఒకనాడు బడికి రాకపోవుట. మా పినతండ్రి కచ్చేరీతోపాటు కర్నూలునకు పోయి గుడారములో కాపురము పెట్టెను. ఆయన పిల్లలు నలుగురు పోవుటతో మా యింట దాగుడుమూతల ఆటయే నిలిచిపోయినదట. 1956లో రేడియో అన్నయ్య, అక్కయ్య గార్లును హైదరాబాదునకు పోయిరి. నేను పుట్టుసరికి ఇంట తెలుగు, వీధిలో అరవము అను కట్టడి తిరిగి స్థిరపడియుండెను.

నా సొంత సంగతి 1968 జనవరిలోనిది. ప్రపంచ తమిళ మహాసభలు అప్పుడే ముగిసియుండెను. సముద్రతీరమున క్రొత్త విగ్రహములు వెలసినవి, ఊరంతయు ఇంకను కోలాహలముగానే యున్నది. సంక్రాంతి వచ్చినది. ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. మనకు కనుమనాడు కాకియైనను కదలరాదు. చెన్నపురి అరవవారికి పండుగ నాలుగవనాడు కాణుంపొంగలు. నాడు ఊరు ఊరంతయు ఇల్లు వదలి షికారు పోవలసినదే. ఆ నాలుగవనాడు మన లెక్కకు ముక్కనుమ. కనుక మా అవ్వ కనుమనాడు గడప దాటనీయక, మరునాడు తానే ముందుగా బయలుదేరెడిది. రెండు సంప్రదాయములును చెడకుండ ఇంత సులభముగా రాజీ కుదిరిన సందర్భము నాకు మరియొకటి తెలియదు.

క్యారియరులో పులిహోర, దద్ధ్యోజనము, మరచెంబుతో నీళ్ళు తీసికొని బ్రతికిన కాలేజీ చూచి, చెట్టుక్రింద భోజనము చేసి, ప్రక్కనేయున్న మూర్ మార్కెటునకు వచ్చితిమి. 1900లో తెరచిన ఎర్రని కట్టడమది. పాత పుస్తకములు, ఆటబొమ్మలు, చిలుకలు, గ్రామఫోను ప్లేట్లు దొరకని వస్తువు లేదు. నాకు ఏడేండ్లు. తాళము త్రిప్పినచో డోలు వాయించు రేకుకోతియొకటి నన్ను నిలిపివేసినది. అమ్మ కొంగు పట్టుకొనియే నిలుచుంటినని నా నమ్మకము. కొంతసేపటికి కొంగు లాగగా తిరిగిచూచిన ముఖము అమ్మది కాదు! ఆ యమ్మ నవ్వినది; నేను బిగ్గరగా ఏడ్చితిని.

బొమ్మలంగడివాడు ఎవరితో వచ్చితివని అరవమున అడిగెను. నాకు అరవము బాగుగా వచ్చును. వీధిలో గోలీలాడునపుడు బూతులుకూడ వచ్చును. కాని ఆ క్షణమున ఒక్క అరవపు మాటయు నోట రాలేదు. "నాయన... నాయన, అవ్వ..." ఇంతే. అతడు వెంటనే "నైనా" అను మాట పట్టుకొని, ఇది తెలుగుపిల్ల యని ప్రక్కవానితో చెప్పి, పాతపుస్తకముల వరుసలోనుండి ఒక ముసలాయనను పిలుచుకొని వచ్చెను. ఆయన కళ్ళజోడు నొసటికి నెట్టి "ఏమిరా అబ్బీ, యే పేటరా మీది?" అనెను. ఆ మాట వినగానే ఏడుపు ఆగినది. ఆయన నన్ను భుజమున నెక్కించుకొని, అంత అరవపు సందడిలో "ఎవరి పిల్లోడమ్మా వీడు! ఎవరి పిల్లోడు!" అని తెలుగులో కేకలు వేయుచు రెండు వరుసలు తిరిగెను. కేక విని మా నాయన పరుగున వచ్చి, ముందు ఆయనకు నమస్కరించి, పిమ్మట నన్నొక దెబ్బ కొట్టి, తరువాత ఆ రేకుకోతిని కొనిపెట్టెను. ఆ ముసలాయన పేరు అడుగుటకు కూడ మావారికి తోచలేదు. మూర్ మార్కెటు 1985 మే నెలలో కాలిపోయెను; ఆ యేడే జంతుశాలయు వండలూరునకు తరలిపోయెను.

2019 జనవరిలో దీవి మైదానపు ప్రదర్శనమున మా మనుమడు తప్పిపోయెను. అప్పుడు వానికి నాలుగేండ్లు. మా కుమారుడు ముందుచూపుగా వాని ముంజేతిమీద పెన్నుతో ఫోను నంబరు వ్రాసియుంచెను. అచ్చటి కాపలావారు ఆ నంబరునకు ఫోను చేయగా పది నిముషములలో పిల్లవాడు దొరకెను. ఈ పద్ధతి మా కాలపు కేకలకంటె మేలైనదని నేను ఒప్పుకొందును. కాని ఎవరితో వచ్చితివని అడిగినపుడు వాడు డాడీతో అని చెప్పినాడట. మీ డాడీ పేరేమన్న డాడీయే అన్నాడట. వాడు నన్ను తాత యనును; అది రెండు భాషలకును చెల్లును. మా ఆవిడను పాట్టి యనును. 2006 చట్టము తరువాత ఈ రాష్ట్రపు బడులలో తరగతివారీగా తమిళము తప్పనిసరి యైనది. బడిలో తెలుగు లేకపోవుటకు దానిని కొంత కారణముగా చెప్పుకొనవచ్చును. ఇంట అవ్వ పాట్టి యగుటకు ఏ చట్టమును కారణము కాదు. మేము నిద్రపోవుచుండగా అయినది.

ఆ సాయంత్రము ఇంటికి రాగానే ఎనుబదియైదేండ్ల మా మేనత్త సంగతంతయు విని, పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, "ఏమని ఏడ్చావురా?" అని అడిగెను. వాడు ఆలోచించి, "ఏడవలేదు, చెయ్యి చూపించాను" అనెను. ఆమె నవ్వలేదు. చేతిమీది సిరా అంకెలను కొంగుతో తుడిచి, తన పేరు, నాయన పేరు, తాత పేరు, పేట పేరు వరుసగా తెలుగులో చెప్పించెను. పేట పేరువద్ద వాడు తడబడెను. మరల మొదటినుండి చెప్పించెను. నాటినుండి దీపము పెట్టు వేళకు ఇది వారిద్దరి ఆట యైనది. నాయన యను మాట వచ్చునప్పుడెల్ల వాడు మా కుమారునివైపు చూచి పకపక నవ్వును.