కల్పితలోకములును గ్రంథకర్తల రాజకీయములును

గ్రంథకర్త యే పక్షమువాడో, ఎవరిని మెచ్చెనో, ఎవరిని ద్వేషించెనో తెలిసిన పిదప ఆతని గ్రంథము మునుపటివలె రుచించునా యను ప్రశ్న చదువరుల నడుమ తఱచుగా పుట్టుచుండును. దీనికి రెండు సమాధానములు సిద్ధముగా నున్నవి. కవి జీవితముతో మనకేమి పని, కావ్యమే ప్రమాణమని కొందఱందురు. విషవృక్షమున అమృతఫలము పండునా యని మఱికొందఱందురు. ఈ రెండును వినుటకు సొంపుగా నుండునే కాని, చరిత్రను ముందిడుకొని పరీక్షించినచో రెండును నిలువవు. పాఠశాలలో పుస్తకముల బీరువా తాళముచెవి చేతనున్న మావంటి యుపాధ్యాయుల కిది వట్టి తర్కవినోదము కాదు. ఏ పుస్తకమును బాలుని చేతి కీయవలెను, ఇచ్చునపుడేమి చెప్పి యీయవలెను అను కర్తవ్యము దీనిపై నాధారపడియున్నది.

ఈ చర్చకు, నేడు సైన్సు ఫిక్షనని వ్యవహరింపబడు శాస్త్రకల్పితకథలును, వానికి చుట్టములైన అద్భుతకథలును మిగుల తగిన రంగము. సాధారణమైన నవల వ్రాయువానికి లోకము సిద్ధముగా దొరకును. వీథులు, కచ్చేరీలు, కులములు, పన్నులు ఆతడు సృష్టింప నక్కఱలేదు. కల్పితలోకము వ్రాయువాని పని యట్లు కాదు. త్రిశంకునికై వేఱొక స్వర్గమును నిర్మింపబూనిన విశ్వామిత్రునివలె ఆతడు నక్షత్రములను సైతము తానే కూర్చుకొనవలెను. ఆ లోకమున నెవరు ఏలుదురు, ఎవరు మోయుదురు, ఎవరు మాటాడక యూరకుందురు అనునది నిర్ణయించువాడును ఆతడే. కావున ఇతర కథలలో గ్రంథకర్త రాజకీయము గోడకు వేసిన సున్నమైనచో, ఈ కథలలో నది పునాదిఱాయి యగుచున్నది.

మన భాషలో ఇట్టి కల్పనకు తొలి ప్రయత్నములలో నొకటి కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'. స్విఫ్టు 1726లో ప్రకటించిన గల్లివరు యాత్రల ఒరవడిలో పంతులుగారు దీనిని పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున వ్రాసిరి. అందలి ఆడుమళయాళమున స్త్రీలు రాజ్యమేలుదురు; పురుషులు ఇంటిపట్టున అణగియుందురు. తలక్రిందులైన ఆ లోకమును చూచి నవ్విన పురుషుడు, తన యింటిలో నడచుచున్న వ్యవస్థను తలచుకొని సిగ్గుపడవలెనని గ్రంథకర్త యుద్దేశము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిన మహనీయుడు ఇట్టి కథ వ్రాయుట వింత కాదు. అయితే అదే మహనీయుడు 1893లో ప్రభుత్వమువారి వలన రావుబహద్దరు బిరుదమును గైకొనెను. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమున కరుదెంచి వందేమాతరోద్యమమును రగిల్చినపుడు దాని వెంట నడువలేదు. సంఘవిషయమున తిరుగుబాటు, రాజ్యవిషయమున విధేయత, ఈ రెండును ఒక్క మనిషియందే యుండెను. ఆయన రాజభక్తి నేటి చదువరికి రుచింపకపోవచ్చును. కాని ఆడుమళయాళపు పునాదిలో నున్నది రాజభక్తి కాదు. స్త్రీలకు జరిగిన అన్యాయమును గూర్చిన బాధ. కావుననే బిరుదము మఱపున బడినను కథ మిగిలినది.

దీని ప్రక్కన మఱియొక కథను నిలిపి చూడవలెను. 1905లో మద్రాసునుండి వెలువడుచుండిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైను' అను పత్రికలో బంగాళదేశపు ముస్లిము వనిత రొకయా సఖావత్ హుస్సేను 'సుల్తానా స్వప్నము' అను ఆంగ్లకథను ప్రకటించెను. ఆ పత్రికకు సంపాదకురాలు తెలుగుగడ్డపై పుట్టిన కమలా సత్తియనాథన్‌గారు. మన చిత్తూరు ప్రాంతము నాడు మద్రాసు రాజధానిలోనిదే గనుక, ఆ కథ మన యింటి వాకిటనే వెలుగు చూచినదనవచ్చును. అందును స్త్రీలే యేలుదురు, పురుషులే ఘోషాలో నుందురు. అచట సూర్యుని వేడిమితో వంటలగును. మేఘములనుండి నీరు తీయబడును. జనులు ఆకాశమార్గమున ప్రయాణింతురు. శత్రుసేనపై సూర్యరశ్మిని మఱల్చి యుద్ధము గెలుతురు.

ఈ రెండు కథలలోను తలక్రిందు చేసిన విషయ మొక్కటే. అయినను రుచి వేఱు. పురుషుడు కల్పించిన స్త్రీరాజ్యము పురుషునికి శిక్షగా నున్నది. స్త్రీ కన్న కలలో నది సుఖముగా నున్నది. పంతులుగారి యంతటి సంస్కర్తకును స్త్రీప్రభుత్వము ఎగతాళికి సాధనమే కాని కోరదగిన గమ్యముగా తోచలేదు. ఇది ఆయనను నిందించుట కాదు. గ్రంథకర్త నిలుచున్న చోటు ఆతని కల్పనకు హద్దులు గీయుననుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము దొరకదు. ఈ సంగతి తెలిసిన చదువరికి రెండు కథలలో నేదియు చేదు కాలేదు. రెండును మఱింత లోతుగా రుచించినవి.

ఇపుడు కఠినమైన తావునకు వచ్చుచున్నాము. శాస్త్రకల్పితకథలకు ఆద్యులలో నొకడైన హెచ్. జి. వెల్సు ఇంగ్లండున సామ్యవాది. 1895లో వెలువడిన ఆతని 'కాలయంత్రము'లో ధనికుల సంతతి యొక జాతిగను, శ్రామికుల సంతతి భూగర్భమున బ్రదుకు వేఱొక జాతిగను మాఱిపోవుదురు. 1898లో వెలువడిన 'లోకముల యుద్ధము'లో కుజగ్రహవాసులు ఇంగ్లండుపై దండెత్తుదురు. వారిని క్రూరులనుటకు ముందు, మనవారు టాస్మేనియా ద్వీపవాసులను నిర్మూలించిన సంగతిని తలపోయుడని యాతడు కథారంభముననే తన దేశీయులను హెచ్చరించెను. పరపాలనలో నుండిన జాతివారికి ఇంతకంటె ప్రియమైన మాట యేమున్నది? కాని కొలది యేండ్లకే, 1901లో ప్రకటించిన 'ఆంటిసిపేషన్సు' అను గ్రంథమున, సమర్థతలేని నల్ల, గోధుమ, పచ్చ వన్నెల జనసమూహములు రాబోవు లోకమున తొలగిపోవలసినదే యని యా లేఖినియే వ్రాసెను. మన పాఠశాలలలో వెల్సు కథలు చదువుకొను బాలు రా తొలగింపదగిన జాబితాలోనివారే.

ఏమి చేయవలెను? కుజగ్రహవాసుల కథను మూలకు నెట్టవలెనా? అక్కఱలేదని మా యభిప్రాయము. ఆ కథలో పలికినది పీడితుని పక్షమున నిలిచిన వెల్సు. రెండవ గ్రంథమున పలికినది తన జాతి గర్వమును జయింపలేకపోయిన వెల్సు. మొదటివాని మాటతోనే రెండవవానిని ఖండింపవచ్చును. కాని రెండవ సంగతిని దాచిపెట్టి మొదటిదానినే బోధించుట ఉపాధ్యాయునికి తగదు. దాచిన సత్యము ఏనాడో బయటపడి, బాలుడు గ్రంథమును, గురువును ఒక్కమాఱే విడిచిపెట్టును.

గ్రంథమునకు వెలుపల నుండు రాజకీయము వేఱు, లోపల నుండునది వేఱు అను వివేకమునకు మన చిత్తూరువారికి సమీపమైన యుదాహరణము కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారు 1880లో నాటి ఉత్తరార్కాటు మండలమునకు చెందిన కట్టమంచిలో జన్మించిరి. విద్యార్థిదశలోనే 'ముసలమ్మ మరణము' వ్రాసిరి. 1914లో 'కవిత్వతత్త్వవిచారము' ప్రకటించి, పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును చేతబట్టి, కవిత్వమునకు ప్రాణము భావనాశక్తియే యని ఘోషించిరి. బ్రహ్మ సరస్వతికి ముందుగా చెప్పిన కథ భూలోకమున అక్షరాల జరిగిపోవుట కళాపూర్ణోదయపు ప్రణాళిక. కాలముతో ఆటలాడు కథలు వెల్సుతోనే పుట్టినవని తలంచువారు ఈ పదునాఱవ శతాబ్దపు రాయలసీమ కావ్యమును ఒకపరి తెఱచి చూతురు గాక.

రెడ్డిగారి రాజకీయ మార్గము తిన్ననైనది కాదు. వారు జస్టిస్ పక్షమున నుండిరి. పిదప దానినుండి విడివడి, 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాసతీర్మానమును ప్రతిపాదించిరి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు తొలి యుపాధ్యక్షులైరి. 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆ పదవిని త్యజించిరి. 1936లో మరల దానినే స్వీకరించిరి. 1942లో, దేశము క్విట్టిండియా యుద్యమముతో అట్టుడికిన యేటనే, సర్ బిరుదము పొందిరి. మన మదనపల్లెలో 1919 ఫిబ్రవరిలో బసచేసి జనగణమన గీతమును ఆంగ్లీకరించిన రవీంద్రులు, ఆ యేడే పంజాబు దారుణమునకు నిరసనగా తమ సర్ బిరుదమును వదలుకొనిరి. ఈ రెండు నడవడులను త్రాసున పెట్టి తూచు హక్కు చరిత్రకారునికి గలదు. కాని ఆ త్రాసుతో కళాపూర్ణోదయ విమర్శను తూచుట సాధ్యము కాదు. రెడ్డిగారు వచించిన భావనాశక్తి సిద్ధాంతము సత్యమైనచో బిరుదము దానిని అసత్యము చేయదు. అసత్యమైనచో త్యాగము దానిని సత్యము చేయదు.

గౌరవించుట, ఆనందించుట అనునవి రెండు వేర్వేఱు క్రియలని దీనివలన తేలుచున్నది. అమెరికాలో శాస్త్రకల్పితకథల పత్రికను 1937 మొదలు దశాబ్దములపాటు నడిపిన జాన్ డబ్ల్యు. క్యాంబెలు పేర క్రొత్త రచయితల కొక బహుమానము 1973 నుండి ఈయబడుచుండెను. ఆతడు జాతిభేదమును సమర్థించు సంపాదకీయములు వ్రాసినవాడు. 2019లో డబ్లిను నగరమున ఆ బహుమానము నందుకొన్న జెనెట్ ఇంగ్ అను రచయిత్రి సభలోనే ఆతనిని నిరసింపగా, కొలదిదినములలో బహుమానపు పేరు మార్చబడెను. పేరు తొలగించినవారు ఆతడు ప్రచురించిన కథలను తగులబెట్టలేదు. ఒకని పేర పతకము ధరింపుమని యువతరమును నిర్బంధించుట వేఱు. ఆతని కాలపు కథను చదువనిచ్చుట వేఱు.

ఇక మిగిలినది గ్రంథగర్భమున నుండు రాజకీయము. దీనికి విశ్వనాథ సత్యనారాయణగారికంటె గొప్ప పరీక్ష తెలుగున లేదు. ఆయన వర్ణాశ్రమధర్మమును మనసార నమ్మిన మహాకవి. 'హాహాహూహూ' అను చిన్న నవలలో గుఱ్ఱపుముఖము గల గంధర్వుడొకడు లండను నగరపు ట్రఫాల్గరు చదుకమున వచ్చి పడును. అచటి పండితులును శాస్త్రజ్ఞులును వానిని పరీక్షింపబూనుదురు. వాడు సంస్కృతమున మాటలాడుచు వారి విజ్ఞానగర్వమును చూచి నవ్వును. సంస్కరణవాదియు ఈ కథకు కడుపార నవ్వును, నవ్వవలెను. ఏలయన ఆ నవ్వు బలవంతుని వంకకు విసరబడినది. 1934లో ఆంధ్రవిశ్వవిద్యాలయపు బహుమానమును అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో పంచుకొన్న 'వేయిపడగలు' సంగతి వేఱు. సుబ్బన్నపేటలో వేయిపడగల సర్పము ఒక సంపూర్ణ సంఘవ్యవస్థకు చిహ్నము. ఆ పడగలు తగ్గుటయే పతనము. ఆ వ్యవస్థ మేలని యొప్పుకొన్నగాని ఆ దుఃఖము మనదికాదు.

ఆలంకారికులు రసానుభవమునకు సాధారణీకరణమును కారణముగ చెప్పిరి. సహృదయుడు తన పేరు, ఊరు మఱచి, పాత్ర దుఃఖమును మనుష్యమాత్రుని దుఃఖముగ ననుభవించునట. అనౌచిత్యము రసభంగమునకు మూలమని ఆనందవర్ధనుడు సెలవిచ్చెను. ఈ సిద్ధాంతము మాకు శిరోధార్యము. కాని ఒక ప్రశ్న. వేయిపడగలు చదువు అగ్రవర్ణపు బాలుడు మఱవవలసినది స్వల్పము. ఆ వ్యవస్థలో ఊరి వెలుపల నిలువబడినవారి మనుమడు అదే ఆనందమును పొందుటకు తన తాతను, తన గాయమును మఱవవలెను. ఒకే పుస్తకమునకు ఇద్దఱివద్ద రెండు వెలలు వసూలు చేసి, చెల్లింపలేనివానిని అరసికుడనుట న్యాయమా? వానికి కలిగిన రసభంగము వాని లోపము కాదు. గ్రంథమందలి అనౌచిత్యమునకు వాడు సాక్షి.

అట్లని ఆ మహాగ్రంథమును బీరువానుండి తీసివేయుమని మేము చెప్పము. దాని భాష, దాని గ్రామము, దాని విషాదము తెలుగువారి సొత్తు. విశ్వనాథవారికి ఎదుటి ధ్రువముననుండిన శ్రీశ్రీ, ఆయన 1976లో మరణించినపుడు కవితతో నివాళి యర్పించెను. తన మార్గమును వీసమంతయు విడువకయే ఆ పని చేసెను. ఆ పెద్దఱికమును మనము నేర్చుకొనవలెను. వేయిపడగల ప్రక్కనే 1941లో వెలువడిన జాషువాగారి 'గబ్బిలము' నుండవలెను. అస్పృశ్యుడొకడు తన మొఱను కాశీవిశ్వేశ్వరునికి వినిపింపుమని గబ్బిలమును పంపుటయు కల్పనయే. గుడిలోనికి తనకు లేని ప్రవేశము గబ్బిలమునకు గలదను నొక్క యూహలో ఒక సంఘపు చరిత్ర యంతయు నిమిడియున్నది. ఈ రెండు పుస్తకములు ఒక్క అఱలో నున్నపుడు, బాలుడు ఒకదానితో రెండవదానికి బదులు చెప్పించుకొనగలడు.

మొత్తముమీద మేము తేల్చినది యిది. గ్రంథకర్త బిరుదములు, పక్షములు, పదవులు మన గౌరవమును తగ్గింపవచ్చునే కాని న్యాయముగ మన ఆనందమును తగ్గింపనక్కఱలేదు. ఆతని రాజకీయము కల్పితలోకపు పునాదియైనపుడు మాత్రము అది ఆనందమును తాకియే తీరును. తాకలేదనువాడు సరిగా చదువనివాడైనను కావలెను, ఆ లోకమున తనకు మంచి పీట దొరకినవాడైనను కావలెను. తరగతిలో ఒక బాలుడు లేచి, అయ్యా, ఈ కథ నాకు నచ్చలేదు అన్నచో, ఉపాధ్యాయుడు వానిని కూర్చుండుమనక, ఏల నచ్చలేదో చెప్పుమనవలెను. ఆ సమాధానమును తక్కిన బాలురందఱు వినవలెను. సాహిత్యమున సంస్కరణ మనునది అచట మొదలగునుగాని పుస్తకములను ఏఱివేయుటతో కాదు.