లెక్కకెక్కని నెత్తురు

కాన్పు తర్వాత ఏ తల్లికి నెత్తురు ఆగకుండా పోతుందో ఆస్పత్రి రికార్డులు చూసి ముందే చెప్పొచ్చు అంటున్నారు. మేం ఒక్క ప్రశ్న అడుగుతున్నాం: ఆ రికార్డులు రాసిందెవరు? ఎవరి మాట విని రాశారు?

మన ఊళ్లలో తరతరాలుగా పురుళ్లు పోసిన మంత్రసానుల్లో చాలామంది మాల, మాదిగ, చాకలి, మంగలి ఆడవాళ్లే. బొడ్డు కొయ్యడం, మాయ పాతిపెట్టడం, నెత్తుటి గుడ్డలు ఉతకడం మైల పని. అందుకే వాళ్లకు వదిలేశారు. బాలింతకు నెత్తురు ఆగడం లేదని ముందు పసిగట్టిందీ వాళ్లే. 1903లో లేడీ కర్జన్ విక్టోరియా స్మారక నిధి పెట్టి దాయిలకు శిక్షణ మొదలుపెట్టించింది. అయినా ఆనాటి వైద్యుల రాతల్లో దాయి అంటే మురికి, మూర్ఖత్వం. ఆమెకు నేర్పాలనుకున్నారే గాని, ఆమె చూసింది అడిగి రాసుకున్నవాళ్లు అరుదు.

ఈ చూపు తేడా ఇప్పటికీ పోలేదు. అమెరికాలో 2002 నుంచి 2008 వరకు జరిగిన 1,52,279 కాన్పుల రికార్డులతో పరిశోధకులు ప్రమాదం అంచనా కట్టే పద్ధతులు తయారుచేసి 2020లో ప్రచురించారు. ఆ తల్లుల్లో 7,279 మందికి, అంటే నూటికి దాదాపు ఐదుగురికి, తీవ్ర రక్తస్రావం అయిందని రికార్డు. కవల గర్భం, మాయ అడ్డుగా ఉండటం, వెనకటి కాన్పులో నెత్తురు పోవడం, రక్తహీనత లాంటివి ప్రమాద సూచనలని డాక్టర్లకు ముందే తెలుసు. యంత్రం వాటినే వేగంగా లెక్కగడుతుంది. మంచిదే, మేం కాదనం. కానీ యంత్రానికి చదువు కేస్‌షీటే. కేస్‌షీటే తప్పయితే?

పక్కనున్న కర్ణాటకలో 123 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తల్లి కింద కొలత గీతల ప్లాస్టిక్ సంచి పరిచి చూస్తే, కంటితో కట్టిన అంచనా 33 శాతం తక్కువని తేలింది. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల అధ్యయనం వచ్చింది. సంచితో కొలిచి వెంటనే చికిత్స చేసిన చోట రక్తస్రావాన్ని నూటికి 93 సార్లు గుర్తించారు. మామూలు పద్ధతిలో 51 సార్లే. అంటే దాదాపు సగం రక్తస్రావాలు ఎవరి కంటా పడలేదు! కంటబడనిది కాగితం మీదికెలా వస్తుంది? కాగితం మీద లేనిది యంత్రానికెలా తెలుస్తుంది?

ఇంకో మాట. ఒకే లెక్క అందరికీ సరిపోదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దళిత, ఆదివాసీ స్త్రీలలో ఇంకా ఎక్కువ. నిండుగా తిన్న తల్లి తట్టుకునే నెత్తుటి నష్టానికే కూలికి పోయే తల్లి ప్రాణం పోవచ్చు.

బెల్గాం జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంలు 1,620 మంది తల్లులతో చేసిన పరీక్ష ఫలితం కూడా 2006లోనే వచ్చింది. కాన్పు కాగానే మిసోప్రోస్టాల్ మాత్రలు ఇచ్చిన వాళ్లలో తీవ్ర రక్తస్రావం 0.2 శాతం. ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన వాళ్లలో 1.2 శాతం.

ప్రమాదం లేదని రాసిన తల్లికీ నెత్తురు పోతుంది. అందుకే మేమనేది ఇది: జోస్యం చెప్పండి, కానీ ముందు కొలవండి. ప్రతి తల్లికీ కొలవండి. పురుడు పోసిన మనిషి చెప్పిందీ రాయండి. మైల అని ఆమె చేతికి వదిలేసిన నెత్తురే ఈ చరిత్రకు మొదటి రికార్డు.