ద్వితీయ భాషార్జన: పరిశోధన, తరగతి బోధనల చరిత్ర

మాతృభాష పట్టుబడిన తరువాత మరొక భాషను నేర్చుకునే ప్రక్రియను ద్వితీయ భాషార్జన అని, ఆ ప్రక్రియ ఏ క్రమంలో, ఏ కారణాల వల్ల, ఎంతవరకు సాగుతుందో పరిశీలించే శాస్త్రాన్ని ద్వితీయ భాషార్జన పరిశోధన అని వ్యవహరిస్తారు. నేర్చుకునేది వరుసలో మూడోదైనా, నాలుగోదైనా శాస్త్రంలో దానిని ద్వితీయ భాషగానే పరిగణిస్తారు. సవర పిల్లలు బడిలో తెలుగు నేర్చుకోవడం, తెలుగు పిల్లలు ఇంగ్లీషు, హిందీ నేర్చుకోవడం, ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చిన ఇతర రాష్ట్రాలవారు తెలుగు మాట్లాడనేర్వడం ఇవన్నీ దీని పరిధిలోకే వస్తాయి. భాషాబోధన ఎంతో ప్రాచీనమైనది కాగా, నేర్చుకునేవారి వైపు నుంచి దానిని పరిశీలించే శాస్త్రం 1960ల చివరి సంవత్సరాల్లో గాని రూపు కట్టలేదు. అందువల్ల బోధన పద్ధతులు ముందు పుట్టి, వాటికి తగిన ఆధారం ఉన్నదా అన్న విచారణ తరువాత వచ్చింది. విద్యార్థి భాషను ఉపాధ్యాయుడు చెప్పిన వరుసలో కాక తన మనసులో తాను నిర్మించుకునే వరుసలో నేర్చుకుంటాడనీ, మంచి బోధన ఆ ప్రయాణాన్ని వేగవంతం చేయగలదు గాని దాని మజిలీలను దాటవేయించలేదనీ ఆ విచారణ తేల్చింది.

వ్యాకరణ-అనువాద పద్ధతి, సంస్కరణోద్యమం

ఐరోపా పాఠశాలల్లో లాటిన్, గ్రీకు భాషలను నేర్పడానికి వాడిన పద్ధతినే 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు వంటి ఆధునిక భాషలకు కూడా అన్వయించారు. ముందు సూత్రం చెప్పి, తరువాత పదాల పట్టిక కంఠస్థం చేయించి, చివరకు విడి వాక్యాలను అటూ ఇటూ అనువదింపజేసే ఈ విధానానికి వ్యాకరణ-అనువాద పద్ధతి అని పేరు. గ్రంథాలను చదివి అర్థం చేసుకోవడానికి ఇది ఉపకరించినా, ఏళ్ల తరబడి చదివినవారు సైతం ఆ భాషలో నాలుగు మాటలు మాట్లాడలేకపోవడంతో దీనిపై అసంతృప్తి పెరిగింది.

జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ఫియేటర్ 1882లో ప్రచురించిన కరపత్రంలో భాషాబోధన దిశ మార్చుకొని తీరాలని పిలుపునిచ్చాడు. 1886లో ఫ్రాన్సులో పాల్ పాస్సీ ప్రభృతులు స్థాపించిన ఉపాధ్యాయ సంఘమే తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘంగా ఎదిగింది. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ 1899లోను, డెన్మార్కులో ఒట్టో యెస్పర్సన్ 1904 ప్రాంతంలోను వెలువరించిన గ్రంథాలు ఈ ఉద్యమానికి సిద్ధాంత బలాన్ని ఇచ్చాయి. రాతకు ముందు ఉచ్చారణ, విడి వాక్యానికి బదులు అర్థవంతమైన పాఠం, సూత్రానికి ముందు ఉదాహరణ అనేవి సంస్కర్తలు ప్రతిపాదించిన నియమాలు. ఇదే కాలంలో మాక్సిమిలియన్ బెర్లిట్స్ 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో ప్రారంభించిన పాఠశాల, విద్యార్థి మాతృభాషను పూర్తిగా పక్కన పెట్టి, వస్తువులను చూపుతూ, అభినయిస్తూ నేర్పే ప్రత్యక్ష పద్ధతికి ప్రాచుర్యం కల్పించింది.

తెలుగునాట తొలి ప్రయత్నాలు

తెలుగును ద్వితీయ భాషగా వ్యవస్థాబద్ధంగా నేర్పిన తొలి సంస్థల్లో, కంపెనీ ఉద్యోగుల కోసం 1812లో మద్రాసులో ఏర్పడిన సెంట్ జార్జి కోట కళాశాల ముఖ్యమైనది. ఎ.డి. క్యాంబెల్ 1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణం, 1817లో మద్రాసు చేరి ఆ కళాశాలలో చదువుకున్న సి.పి. బ్రౌన్ 1840లో వెలువరించిన వ్యాకరణం, 1852లో వెలువరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, పరాయి భాషీయుల అవసరాన్ని దృష్టిలో పెట్టుకొని తయారైనవే.

20వ శతాబ్దపు తొలి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, తాను పుస్తకంలో నేర్చిన తెలుగుకు, ప్రజలు మాట్లాడే తెలుగుకు ఇంత వ్యత్యాసం ఎందుకున్నదని ప్రశ్నించడం, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల ఆలోచనలకు తోడై వ్యావహారిక భాషోద్యమానికి ఊతమిచ్చింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు అప్పటికే సవరల భాషను వారి నోట విని నేర్చుకొని, వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు తయారుచేశాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. బిడ్డ ఎరిగిన భాష నుంచే చదువు మొదలు కావాలన్న సూత్రాన్ని ఆయన పరిశోధన సంస్థల కంటే ఎంతో ముందుగా ఆచరణలో పెట్టాడు.

అలవాటుగా భాష: శ్రవణ-భాషణ పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అనేక భాషలు తెలిసిన సిబ్బంది కావలసివచ్చి అమెరికా సైన్యం 1943లో ప్రత్యేక శిక్షణ కార్యక్రమాన్ని ఆరంభించింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన తరువాత, మరుసటి ఏడాది అమెరికా చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం విదేశీ భాషల బోధనకు భారీగా నిధులు సమకూర్చింది. ఈ వాతావరణంలో బలపడినదే శ్రవణ-భాషణ పద్ధతి. భాష అనేది అలవాట్ల సముదాయమనీ, సరైన వాక్యాన్ని పదేపదే పలికించి, తప్పు దొర్లకముందే అడ్డుకుంటే అలవాటు స్థిరపడుతుందనీ దీని విశ్వాసం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రీజ్ దీనికి పునాది వేయగా, రాబర్ట్ లాడో 1957లో రెండు భాషల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి పోల్చే భేదాత్మక విశ్లేషణను ప్రతిపాదించాడు. రెండు భాషల్లోను ఒకే తీరుగా ఉన్నవి తేలికగా వస్తాయనీ, వేరుగా ఉన్నవి కష్టమవుతాయనీ ఈ విశ్లేషణ చెబుతుంది. లింగభేదం విశేషణాన్ని మార్చని తెలుగు నుంచి వచ్చిన విద్యార్థి హిందీలో 'అచ్ఛీ కితాబ్' అనవలసిన చోట 'అచ్ఛా కితాబ్' అనడాన్ని, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు 'నాకు తెలుసు' అనవలసిన చోట 'నేను తెలుసు' అనడాన్ని, 'మేము', 'మనం' మధ్య తేడా పాటించలేకపోవడాన్ని ఇది చక్కగా వివరించగలదు.

ఈ భావజాలానికి మొదటి పెద్ద దెబ్బ 1959లో తగిలింది. ప్రవర్తనవాది బి.ఎఫ్. స్కిన్నర్ భాషపై రాసిన గ్రంథాన్ని నోమ్ చామ్‌స్కీ సమీక్షిస్తూ, ఎన్నడూ వినని వాక్యాలను మనుషులు నిర్మించగలగడాన్ని అలవాటు అనే భావన వివరించలేదని వాదించాడు. తరగతి గదుల నుంచి వచ్చిన ఫలితాలు కూడా ఈ పద్ధతికి అండగా నిలవలేదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో జర్మన్ బోధనపై జరిగి 1964లో వెలువడిన పోలికలోను, పెన్సిల్వేనియా రాష్ట్ర పాఠశాలల్లో జరిగి 1970 నాటికి ప్రకటితమైన విస్తృత అధ్యయనంలోను కొత్త పద్ధతి పాతదాని కంటే సమగ్రంగా మెరుగైనదని తేలలేదు. విద్యార్థి మనసులో ఏమి జరుగుతున్నదో తెలియకుండా పద్ధతులను మాత్రమే పోల్చి ప్రయోజనం లేదన్న గుర్తింపు అక్కడి నుంచే మొదలైంది.

తప్పును చూసే తీరు మారడం

బ్రిటన్‌కు చెందిన ఎస్. పిట్ కార్డర్ 1967లో ప్రచురించిన వ్యాసం, విద్యార్థుల తప్పులు నిర్మూలించవలసిన దోషాలు మాత్రమే కావనీ, వారు భాషను ఏ మేరకు ఊహించి నిర్మించుకున్నారో తెలిపే సాక్ష్యాలనీ ప్రతిపాదించింది. 1972లో లారీ సెలింకర్ ఈ భావనను ముందుకు తీసుకువెళ్లి, మాతృభాషకు, నేర్చుకునే భాషకు నడుమ విద్యార్థి తనదైన నియమాలతో కట్టుకునే వ్యవస్థకు అంతర భాష అని పేరు పెట్టాడు. కొన్ని తప్పులు ఎంత కాలం గడిచినా సవరణకు లొంగక నిలిచిపోవడాన్ని ఆయన శిలీభవనం అన్నాడు.

ఇంగ్లీషులో వ్యతిరేకార్థక వాక్యాలు నేర్చుకునే తీరు దీనికి మంచి నిదర్శనం. తొలిదశలో విద్యార్థులు క్రియ ముందు 'నో' అని చేర్చి ఊరుకుంటారు. రెండో దశలో 'డోంట్' అనేదాన్ని విడదీయరాని ముక్కగా పట్టుకొని 'హీ డోంట్ కెన్ సింగ్' వంటి వాక్యాలు అంటారు. తరువాత 'కాంట్', 'ఈజ్ నాట్' వంటివి కుదురుకుంటాయి. చివరి దశలో గాని 'డజంట్', 'డిడ్‌నాట్' సరిగా నిలబడవు. 'హీ డోంట్ కెన్ సింగ్' అన్న విద్యార్థి వెనకబడినట్లు కనిపించినా, నిజానికి ఒక మెట్టు ఎక్కినవాడే. మాతృభాషలు వేరైనా నేర్చుకునేవారు ఈ మెట్ల మీదుగానే నడుస్తారు. మాతృభాష ప్రభావం వల్ల ఒక్కొక్క మెట్టు మీద ఎక్కువ కాలమో తక్కువ కాలమో ఆగడం ఉంటుంది. హైడీ డ్యూలే, మరీనా బర్ట్ 1974లో స్పానిష్, చైనీస్ మాతృభాషలుగా గల పిల్లలపై జరిపిన అధ్యయనం, ఇంగ్లీషు ప్రత్యయాలను ఈ రెండు వర్గాలవారూ దాదాపు ఒకే క్రమంలో పట్టుకున్నారని చూపింది. మాన్‌ఫ్రెడ్ పీనమాన్ 1984లో, జర్మన్ నేర్చుకుంటున్న ఇటాలియన్ పిల్లలకు పదక్రమ నియమాన్ని బోధించి, అంతకు ముందు మెట్టుకు చేరుకున్నవారికే ఆ బోధన ఫలించిందని నిరూపించాడు.

అవగాహన, సంభాషణ, గమనింపు

ఈ ఫలితాల ఆధారంగా స్టీఫెన్ క్రాషెన్ 1982 నాటికి సమగ్ర సిద్ధాంతాన్ని రూపొందించాడు. తన స్థాయికి ఒక్క మెట్టు పైనున్న భాషను విద్యార్థి విని, చదివి, అర్థం చేసుకుంటే అదే అబ్బుతుందనీ, సూత్రాలుగా నేర్చినది మాటను సరిచూసుకోవడానికి మాత్రమే పనికివస్తుందనీ ఆయన వాదన. పరీక్షించడానికి వీలులేని నిర్వచనాలున్నాయని దీనిని పలువురు విమర్శించినా, అర్థమయ్యే భాష సమృద్ధిగా అందాలన్న అంశం నేటికీ నిలిచింది.

అది ఒక్కటే చాలదని కెనడా అనుభవం చూపింది. మాంట్రియల్ శివారైన సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలకు పాఠ్యాంశాలన్నీ ఫ్రెంచిలో బోధించే తరగతులు మొదలయ్యాయి. పిల్లలు ఫ్రెంచి వినడంలోను, చదవడంలోను గొప్ప ప్రగతి సాధించినా, వ్యాకరణ శుద్ధితో మాట్లాడడంలో వెనకబడే ఉన్నారు. నేర్చుకునేవారు తామే మాట్లాడవలసి వచ్చినప్పుడు గాని తమ లోటు తమకు తెలియదని మెరిల్ స్వెయిన్ 1985లో ప్రతిపాదించింది. అర్థం కానిచోట తిరిగి అడగడం, విడమరచి చెప్పడం వంటి సంప్రదింపులే నేర్పుతాయని మైకేల్ లాంగ్, విన్న రూపాన్ని మనసు గమనించనిదే అది అబ్బదని రిచర్డ్ ష్మిట్ వాదించారు. జాన్ నోరిస్, లూర్డెస్ ఒర్టేగా అప్పటి వరకు వచ్చిన ప్రయోగాలను 2000లో సంకలించి విశ్లేషించగా, వ్యాకరణ రూపాలపై స్పష్టంగా దృష్టి మళ్లించే బోధనకు గట్టి ప్రయోజనం ఉన్నదని తేలింది.

బెంగళూరు ప్రాజెక్టు

బోధన రంగంలో ఇదే కాలంలో, భాష తెలియడమంటే సందర్భోచితంగా వాడగలగడమన్న డెల్ హైమ్స్ భావన ఆధారంగా భావ వినిమయ ప్రధానమైన పద్ధతి వ్యాపించింది. దీనిని మరింత ముందుకు తీసుకువెళ్లిన ప్రయోగం దక్షిణ భారతంలో జరిగింది. 1950ల నుంచి మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషు వాక్య నిర్మాణాలను ఒక్కొక్కటిగా పేర్చి నేర్పే పాఠ్యప్రణాళిక అమలులో ఉండగా, దాని ఫలితాలపై అసంతృప్తితో ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల సాధారణ పాఠశాలల్లో కొత్త బోధన సాగింది.

ఇందులో వ్యాకరణ పాఠం లేదు. ఉపాధ్యాయుడు రైళ్ల రాకపోకల వేళల పట్టికనో, ఊరి పటాన్నో ముందు పెట్టి, ఏ రైలు ఎక్కితే వేళకు చేరగలమో, ఏ దారి దగ్గరో ప్రశ్నిస్తాడు. ముందు ఒక సమస్యను తరగతి మొత్తంతో కలిసి ఇంగ్లీషులో చర్చించి పరిష్కరించిన తరువాత, అటువంటిదే మరొకటి విద్యార్థులు ఎవరికి వారు చేస్తారు. తరగతిలో సగం మంది దాదాపు సగం పనినైనా చేయగలిగితే ఆ సమస్య తగిన స్థాయిలో ఉన్నట్లు లెక్క. మనసు అర్థం మీద లగ్నమైనప్పుడు వ్యాకరణం తనంత తాను కుదురుకుంటుందని ప్రభు విశ్వాసం. అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ 1985లో ప్రకటించిన మూల్యాంకనం ఈ విశ్వాసాన్ని చాలావరకు బలపరిచినా, పోలికకు ఎంచుకున్న తరగతులు సరిసమానమైనవన్న హామీ లేకపోవడం దాని లోపం. ప్రభు 1987లో వెలువరించిన గ్రంథం, కార్య ఆధారిత బోధన అని ప్రపంచమంతటా వ్యాపించిన పద్ధతికి మూలగ్రంథాల్లో ఒకటైంది. ఉత్తమ పద్ధతి అంటూ ఒక్కటి ఉండదనీ, తన బోధన ఎందుకు ఫలిస్తున్నదో ఉపాధ్యాయుడికి కలిగే సజీవమైన గ్రహింపే ముఖ్యమనీ ఆయన 1990లో వాదించాడు.

వయసు, మాతృభాష

భాష నేర్వడానికి వయోపరిమితి ఉన్నదని 1967లో ఎరిక్ లెన్నెబర్గ్ ప్రతిపాదించాడు. చిన్నవయసులో మొదలుపెట్టినవారు చివరకు మాతృభాషీయుల స్థాయిని చేరుకునే అవకాశం ఎక్కువన్నది తరువాతి అధ్యయనాల్లో రుజువైంది. అయితే డచ్చి నేర్చుకుంటున్న ఇంగ్లీషు మాతృభాషీయులపై 1978లో ప్రకటితమైన అధ్యయనంలో, తొలినెలల్లో అందరికంటే త్వరగా నేర్చినవారు కౌమార వయస్కులు, పెద్దలు. వారానికి కొన్ని గంటలే భాష వినిపించే బడిలో, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిదన్న నమ్మకానికి ఈ పరిశోధన ఆధారం కల్పించదు. మాతృభాషలో సాధించిన చదువు, ఆలోచన శక్తి ద్వితీయ భాషకు బదిలీ అవుతాయని 1979లో జిమ్ కమిన్స్ చెప్పిన సూత్రం బహుభాషా విద్యకు పునాది అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక విద్యను ఆరంభించి క్రమంగా తెలుగులోకి నడిపించే కార్యక్రమం మొదలైంది.

ప్రస్తుత స్థితి

హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, మైసూరులో 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ ఈ రంగంలో దేశంలో ప్రధాన కేంద్రాలు. 2018లో తెలంగాణ చేసిన చట్టం పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేయడంతో, ఇతర భాషలు ఇంట మాట్లాడే పిల్లలకు తెలుగు ద్వితీయ భాషగా నేర్పవలసిన అవసరం పెరిగింది. అమెరికాలో 2007లో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు ప్రవాసుల పిల్లలకు నేర్పుతున్నదీ వారసత్వంగా ఇంట చెవిన పడే ద్వితీయ భాషనే. అయినా ఇంగ్లీషు నేర్చుకునే క్రమంపై జరిగిన పరిశోధనలో స్వల్పభాగం కూడా తెలుగు నేర్చుకునే క్రమంపై జరగలేదు. తెలుగు విభక్తులు, క్రియారూపాలు, 'మేము-మనం' భేదం పరాయి భాషీయులకు ఏ మెట్ల మీదుగా అబ్బుతాయో నమోదు చేయడం విశ్వవిద్యాలయాలు, ఉపాధ్యాయులు కలిసి చేపట్టవలసిన పని. ఆ నమోదు జరిగితే గాని తెలుగును ద్వితీయ భాషగా నేర్పే వాచకాలు శాస్త్రీయమైన పునాదిపై నిలబడలేవు.